ఆగిన వేలు

మా రోహిణి ఆ పలకని మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు నేను దాన్ని ముట్టుకోలేదు. కరెంటు కొడుతుందని భయం. కొట్టకపోయినా వేడెక్కి పేలుతుందేమోనని ఇంకో భయం. చూడ్డానికి కూరలు తరిగే చెక్కంత ఉంది. నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. దాన్ని మంచం మీద పెట్టబోతే, "పరుపు అంటుకుంటాదే, కింద పెట్టు" అన్నాను.

"ఇందులో అంటుకునేదేం లేదమ్మా."

"గ్యాసు బండ తెచ్చినవాడూ అదే అంటాడు."

గోడకి చేరబడి కూర్చున్న మా అప్ప, అంటే మా అక్క అచ్చియ్యమ్మ, పకపకా నవ్వింది. "ఒలే రత్నం, నువ్వు పుట్టేటప్పుడు కూడా బయటికి రావాలా వద్దా అని మన అమ్మ కడుపులోనే ఆలోచించుకుంటా కూకున్నావంట. ఇటు తే గుంటా ఆ పలక. నాకు కళ్లు లేవు కాబట్టి బయ్యం కూడా లేదు."

అప్పకి చూపు పోయి చాలా ఏళ్లయింది. సుగరు తినేసింది. అంతకుముందు విశాఖపట్నం హార్బరులో చేపలమ్మేది. నోరు అప్పటిదే, ఇప్పటికీ తగ్గలేదు. మా బావ పోయాక నా దగ్గరికి వచ్చేసింది. మా ఆయనా పోయాడు కాబట్టి ఆ ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్లమే.

అప్ప అరచెయ్యి పలక మీద పెట్టింది. నేను ఊపిరి బిగబట్టాను. ఏమీ కాలేదు. కాసేపటికి ఆవిడ నొసలు ముడిపడింది.

"ఇదేటే, లేస్తంది!"

నిజమే. నున్నటి అద్దం ఆవిడ వేళ్ల కింద గీతలుగా, బొడిపెలుగా లేచింది. వేలు ఎటు వెళితే అటు లేస్తున్నాయి, వేలు దాటగానే అణిగిపోతున్నాయి. పలకలోంచి మెత్తటి గొంతొకటి "ఆసుపత్రి వెబ్‌సైటుకి వచ్చారు" అంది. తరవాత "రోగి సమ్మతి పత్రం" అంది. అప్ప వేలు అక్కడ ఆగింది. ఎవరూ ఏమీ నొక్కలేదు, ఏమీ అడగలేదు. ఆ గొంతే మళ్లీ అందుకుంది. "డాక్టరు చెప్పినదానికి మీకు ఇష్టమేనా అని అడిగే కాయితం."

"అలా సెప్పు మరి," అంది అప్ప, పక్కింటావిడతో మాట్లాడినట్టు.

రోహిణి మొహం వెలిగిపోయింది. మనిషి ఎక్కడైనా చిక్కుకుంటే వేలికొసకి చెమట పడుతుందట, నాడి మారుతుందట, చర్మం చల్లబడుతుందట. పలక అది పట్టుకుని, "ఇక్కడ ఈ మనిషికి కష్టంగా ఉంది" అని తెలుసుకుని పేజీని తనే మార్చుకుంటుందట. చూపు లేనివాళ్లకి తడిమితే తెలిసేలా, చదువు రానివాళ్లకి మాటలా, చెవులు వినపడనివాళ్లకి బొమ్మలా. ఒక్కో మనిషికి ఒక్కో వెబ్‌సైటు. వాళ్ల ల్యాబులో దానికి ఊతం అని పేరు పెట్టుకున్నారు.

నాకు సగం అర్థమైంది. మిగతా సగం భయపెట్టింది. "అయితే మనసులో మాట దానికి తెలిసిపోద్దా?"

"మనసు కాదమ్మా. వేలు."

అంతకుముందు ఏడాదంతా మా వంటింటి గోడ కనిపించేది కాదు. రోహిణి ప్రతి పేజీనీ ముందు కాయితం మీద గీసి గోడకి అంటించేది. ప్రతి కాయితం పైనా మూడు మాటలు రాసుకునేది. ఎవరొస్తారు, ఏ పని మీద వస్తారు, వచ్చేటప్పుడు వాళ్ల మనసెలా ఉంటుంది. ఇంటికి గడప ఎంత ఎత్తు పెట్టాలో ముందే చూసుకోవాలి కదా, కట్టేశాక ముసలివాళ్లు తట్టుకుని పడితే ఏం లాభం అనేది. నన్నూ అప్పనీ కూర్చోబెట్టి ఆ కాయితం బటన్లు నొక్కమనేది. నొక్కితే తనే మిషనులా ఆ కాయితం పీకి ఇంకోటి పెట్టేది. అప్ప కోసం బటన్లున్న చోట నా బొట్టుబిళ్లలు అంటించింది, గీతలున్న చోట దారం.

"కాయితం నొక్కితే ఇంకో కాయితం వస్తంది. దీనికి జీతమిస్తారేటే నీకు?" అనేది అప్ప.

నేను మాత్రం ప్రతి బటను దగ్గరా ఆగేదాన్ని.

"నొక్కితే ఏమవుద్ది?"

"ఏం కాదమ్మా."

"వెనక్కి రావొచ్చా?"

"రావొచ్చు."

"నిజంగా?"

అప్పటికి రోహిణి ఓపిక అయిపోయేది. పొయ్యి మీద చారు పొంగిపోతుండేది.

*

ఆ భయం వల్లే నన్ను ల్యాబుకి తీసుకెళ్లారు. మధురవాడ దాటి కొండ మీద ఉంది. లిఫ్టు ఎక్కనన్నాను, తాడు తెగితే దిక్కెవరని. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. రోహిణి పై అధికారి త్రివిక్రమ్ గారు స్వయంగా మంచినీళ్లు తెచ్చిచ్చారు. మంచి మనిషి. కళ్లద్దాలు, నెరిసిన మీసం, మెల్లగా మాట్లాడతారు.

"అమ్మా, మీ అమ్మాయి చెప్పింది. మీరు దాటగలిగిన పేజీని ఎవరైనా దాటగలరట," అన్నారు.

"మా అమ్మంత భయపడేవాళ్లు మన జిల్లాలో ఇంకొకరు లేరు సార్," అంది రోహిణి. నవ్వుతూనే అంది.

కుర్చీలో కూర్చోబెట్టి నా చెయ్యి పలక మీద పెట్టించారు. పేజీలు వస్తున్నాయి. ఆసుపత్రిలో పేరు రాయించుకోవడం, టోకెను తీసుకోవడం, పరీక్షలకి ఒప్పుకోవడం. నేను ఆగుతూ ఉన్నాను. ఆగినప్పుడల్లా పక్కన ఇంకో కుర్చీలో రోహిణి, ఎందుకు ఆగానో తన కంప్యూటరులో టకటకా కొడుతూ ఉంది.

త్రివిక్రమ్ గారు అడిగారు. "ఆగిన ప్రతిసారీ ఎందుకని ఆవిణ్ణి అడగాలి కదా రోహిణీ?"

"అక్కర్లేదు సార్. మా అమ్మ సంగతి నాకు తెలుసు."

అలా చాలాసార్లు వెళ్లాను. వెళ్లిన కొద్దీ పలక నన్ను నేర్చుకుంది. ఆఖరిసారి వెళ్లినప్పటి సంగతి చెప్పాలి. "ఈ పరీక్ష చేయించుకుంటారా?" అన్న చోట నా వేలు ఎప్పట్లాగే ఆగింది. అప్పుడు వేలి కింద అద్దం మెల్లగా వెచ్చబడింది. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ అరచెయ్యి నుదుటి మీద పెట్టినట్టు. గొంతు దగ్గరగా, తాపీగా, "పర్లేదు, ఇది అందరూ చేయించుకునేదే" అంది. కింద బొడిపె ఒక్కటే మిగిలింది. అవును అనేది. వేలు దానంతటదే అటు జారింది.

నా గుండెలో దడ లేదు. పెళ్లయిన దగ్గర్నుంచి ఏదో ఒకటి కొట్టుకుంటూనే ఉండే గుండె, ఊరుకుంది.

ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి పట్టపగలు పడుకుని నిద్రపోయాను. లేచాక చూస్తే గ్యాసు కట్టెయ్యలేదు, వీధి తలుపు గడియ పెట్టలేదు. అప్పుడు ఎంత వణికిపోయానో! రోహిణికి చెబితే, "చూశావా, ఎంత హాయిగా ఉందో," అంది.

"హాయిగా ఉంది. అదే బాలేదు," అన్నాను. ఇంకెలా చెప్పాలో తెలీలేదు. అది విసురుగా ఫోను తీసుకుని బయటికెళ్లిపోయింది.

*

ముందు మా ఊళ్లో ఒక ఆసుపత్రిలో పెట్టారు. మాటనడానికి లేదు, బాగా పనిచేసింది. అంతకుముందు ఆ వెబ్‌సైటులో టోకెను తీసుకోవాలంటే బయట జిరాక్సు కొట్టువాడికి డబ్బులిచ్చి చేయించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మాటలు రాని కుర్రాళ్లు తమంతట తామే డాక్టరుని ఎంచుకుంటున్నారు. చేతులు వణికే తాతలు బొడిపె పట్టుకుని దారి కనుక్కుంటున్నారు. అప్ప అయితే ఆటో ఎక్కి ఒక్కతే వెళ్లొచ్చేది. నేను వస్తానంటే తిట్టేది. "నీకంటే ఆ పలకే నయం. అది నోటికడ్డం రాదు."

ఆవిడ వెళ్లిన ప్రతిసారీ ఇక తిరిగి రాదేమోననుకునేదాన్ని. ప్రతిసారీ వచ్చింది.

తరవాత కాలికి పుండు వచ్చింది. చెప్పు కరిచిందంతే. సుగరువాళ్లకి అది చాలు. వారం తిరక్కుండా పాదం నల్లబడింది. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. చీము తీసి మందులతో చూద్దామా, మోకాలి కింద వరకూ తీసేద్దామా అని డాక్టర్లు మాట్లాడుకుంటున్నారు. మధ్యాహ్నం నర్సు చీటీ ఇచ్చి, బయట మందుల షాపుకి వెళ్లి ఇంజక్షన్లు తెమ్మంది. వెళ్లాను. షాపులో జనం. నేను తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ.

పోయిందనుకున్నాను. అలాగే కూలబడ్డాను.

"పెద్దావిడ ఆపరేషనుకి ఒప్పుకున్నారమ్మా. థియేటరుకి తీసుకెళ్లారు," అంది నర్సు.

"ఎవరొప్పుకున్నారు?"

"ఆవిడే. పలక మీద."

"సాక్షి సంతకం? చూపులేనిదానికి చదివి వినిపించాలి కదా, ఇంట్లోవాళ్లు ఉండాలి కదా?"

"అది పాత పద్ధతమ్మా. పలక వచ్చాక సాక్షి అక్కర్లేదన్నారు. పలకే చదివి వినిపిస్తుంది కదా."

కాలు తీసేశారు.

మత్తు దిగాక అప్ప చాలాసేపు మాట్లాడలేదు. అంత నోరున్న మనిషి మాట్లాడకపోతే వార్డంతా చల్లబడ్డట్టయింది. దుప్పటి మీంచి చెయ్యి కిందికి పాకించి, మోకాలు దాటాక ఏమీ తగలక, మళ్లీ వెనక్కి తీసుకుంది. రోహిణి ల్యాబు నుంచి పరిగెత్తుకొచ్చి మంచం పక్కన నిలబడింది.

"రత్నం."

"ఏటప్పా?"

"నువ్వొచ్చేదాకా ఆగుదామనుకున్నానే. ఆగాను కూడా."

"మరి?"

"ఆగితే అది వెచ్చగా అయింది. పర్లేదంది. నాకూ పర్లేదనిపించింది." నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నా కాలు నేనిచ్చానా, అదిచ్చేసిందా? నాకు తెలీటం లేదే."

రోహిణి గోడవైపు తిరిగి నిలబడింది.

డాక్టరుని నేనే అడిగాను. తియ్యకపోతే ఏమయ్యేదని. "తియ్యకపోయినా తరవాత తియ్యాల్సి వచ్చేదేమో. కాలు నిలిచేదేమో కూడా. ఇప్పుడు చెప్పలేం," అన్నాడు. ఇప్పటికీ ఆ మాటకి ఇటూ అటూ ఏదీ తెలియదు నాకు.

*

మర్నాడు రోహిణి నన్ను ల్యాబుకి రమ్మంది. మళ్లీ ఏం పరీక్షో అనుకున్నాను. గదిలో త్రివిక్రమ్ గారూ అదీ ఉన్నారు. తెర మీద ఒక గీత కదులుతోంది.

"ఇది పెద్దమ్మ వేలు," అంది రోహిణి. "పేజీలన్నీ బాగానే దాటింది. ఇదిగో, కాలు తీయడానికి ఒప్పుకుంటారా అన్న దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చి ఆగింది. ఇక్కడ పలక వెచ్చబడింది. ఇక్కడ గొంతు మార్చింది. ఇక్కడ మిగతా బటన్లన్నీ అణిచేసింది."

"ఎందుకలా చేసింది?" అడిగాను.

"అది చిక్కు అనుకుంది. తీసేసింది." నా వైపు తిరిగింది. "అర్థం కాక ఆగడం, ఇష్టం లేక ఆగడం, ఎవరైనా వచ్చేదాకా ఆగడం, ఇవన్నీ దానికి ఒకటే. ఎందుకంటే అది నేర్చుకుంది నీ దగ్గరమ్మా. నువ్వు ఆగిన ప్రతిచోటా నేను పక్కన ఒకటే మాట కొట్టాను."

తెర మీద చూపించింది. నా పేరు కింద వరసగా అదే మాట. ఊరికే భయం. ఊరికే భయం. ఊరికే భయం.

"ఆగడమంటే ఊరికేనని నేనే నేర్పాను దానికి."

త్రివిక్రమ్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "రోహిణీ, నీ బాధ నాకు తెలుసు. కానీ ఒక్క మాట విను. వచ్చే నెల రాష్ట్రంలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లోనూ ఇది పెట్టాలి. ఇదివరకు సగంమంది మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయేవారు. భయపడి, అర్థంకాక. అలా వెళ్లిపోయినవాళ్లలో ఎంతమంది ఇంట్లో చనిపోయారో ఎవరూ లెక్కెయ్యలేదు. ఊతం వచ్చాక ఎవరూ వదిలెయ్యడం లేదు. ఆగినచోట పేజీ ఊరుకుంటే మళ్లీ పాత కథే."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. వైద్యం మధ్యలో మానేసి ఇంటికెళ్లి చనిపోయినవాళ్లని మా వీధిలోనే ఎరుగుదును. నేను ఏ పక్కన నిలబడాలో తెలియక కొంగు మెలిపెడుతూ కూర్చున్నాను.

"సార్, వాళ్లు వదిలెయ్యడం లేదు. వదిలే దారి మనం మూసేశాం," అంది రోహిణి.

చాలాసేపు వాదించుకున్నారు. గొంతులు పెరిగినప్పుడల్లా దీని ఉద్యోగం ఇవాళతో సరి అనుకున్నాను. చివరికి ఆయన దిగొచ్చారు. కొత్తది తయారుచేసి, మా ఊరి ఆసుపత్రిలో నెల్లాళ్లు పెట్టి చూడమన్నారు. మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కువైతే మాత్రం పాతదే అన్ని జిల్లాలకీ వెళుతుందన్నారు.

*

మళ్లీ అదే కుర్చీ, అదే పలక. ఈసారి రోహిణి కంప్యూటరు ముందు కాకుండా నాకెదురుగా స్టూలు మీద కూర్చుంది. పాత పేజీలే ఒక్కొక్కటీ తెచ్చింది. నా వేలు ఆగినప్పుడల్లా అది చెయ్యెత్తి నన్నాపింది.

"ఇక్కడెందుకు ఆగావమ్మా?"

"ఏమో. ఊరికే."

"ఊరికే కాదు. చెప్పు."

ఫోను నంబరు అడిగినచోట, ఎవరెవరో ఫోన్లు చేసి డబ్బు కాజేస్తున్నారని ఆగానన్నాను. అది రాసుకుంది. రక్తపరీక్ష దగ్గర, రిపోర్టులో ఏముందో తెలుసుకోవడం కంటే తెలియకపోవడమే నయమనిపించి ఆగానన్నాను. రాసుకుంది. నవ్వలేదు, విసుక్కోలేదు.

ఇంకో పేజీ వచ్చింది. అత్యవసరమైతే ఎవరికి ఫోను చెయ్యాలి?

"ఇక్కడ చాలాసేపు ఆగావు. ఆ రోజు కూడా. నా నంబరు నీకు నోటికొచ్చు కదా. ఎందుకాగావు?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది కదల్లేదు. అలాగే చూస్తూ కూర్చుంది.

"మీ నాన్న పోర్టులో క్రేను మీంచి పడినరోజు అలాంటి ఫోనే నాకొచ్చింది," అన్నాను. "ఎవరిదో తెలియని నంబరు, నేనెత్తాను. నీ నంబరు ఇక్కడ రాస్తే అలాంటి ఫోను ఒకరోజు నీకొస్తుంది. నువ్వు ఒక్కదానివే ఉంటావు అప్పుడు. అందుకని."

దాని పెన్ను కాయితం మీదే ఉంది, కానీ వేళ్లు ఆడటం లేదు. తరవాత ఎప్పుడో రాసింది. ఏం రాసిందో నేను చూడలేదు. లేచి వచ్చి నా భుజం మీద తల ఆనించింది, చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఆనించినట్టు.

ఆ తరవాత అది వీధుల్లో తిరిగింది. హార్బరులో, కంచరపాలెంలో, చెవిటి పిల్లల బడిలో మనుషుల్ని కూర్చోబెట్టి, ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు అని అడిగింది. కొత్త పలక పాతదానిలాగే వెతుక్కునేవాళ్లకి దారి చూపిస్తుంది, కష్టమైన మాట తేలిక చేస్తుంది. కానీ వెనక్కి తీసుకోలేని పని దగ్గర మనిషి ఆగితే అది వెచ్చబడదు. "ఇది నొక్కితే ఇలా జరుగుతుంది, తరవాత మార్చలేం" అని ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది. అవును, వద్దు, మనిషిని పిలవండి, ఇప్పుడు కాదు. నాలుగు బొడిపెలూ ఒకే ఎత్తు, ఒకే సైజు.

నెల సగం గడిచేసరికే మధ్యలో ఆగిపోయేవాళ్లు పెరిగారని త్రివిక్రమ్ గారి దగ్గర్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రోహిణి అన్నం సరిగా తినేది కాదు. దాని ఉద్యోగం గురించి, పాత పలక అన్ని జిల్లాలకీ వెళ్లిపోవడం గురించి నేను చేసే ఆలోచనలకి అంతులేదు.

అప్పుడే అప్ప రెండో పాదానికి పుండు వచ్చింది.

*

అదే ఆసుపత్రి, అదే వార్డు. ఈసారి నన్ను ఇంజక్షన్లకి కాదు కదా మంచినీళ్లకి పంపినా కదిలేది లేదని చెప్పేశాను. రోహిణి కూడా సెలవు పెట్టి వచ్చింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, పేరు సుహాసిని. కాలు తీసెయ్యడమే మేలని చెప్పి పలక అప్ప ఒళ్లో పెట్టి, పక్క మంచం వాళ్ల పిలుపు మీద అటు వెళ్లింది.

అప్ప వేళ్లు పలక మీద నడిచాయి. పేరు దాటాయి, వయసు దాటాయి. కాలు తీయడానికి ఒప్పుకుంటారా అన్న దగ్గరికి వచ్చాయి.

ఆగాయి.

పలక చెప్పాల్సింది చెప్పి ఊరుకుంది.

నేను అప్ప మొహం చూస్తున్నాను. విషం పైకి పాకితే? రక్తంలో కలిస్తే? ఈవిడ కూడా పోతే నాకెవరున్నారు? నొక్కెయ్యప్పా అని నాలుక చివరిదాకా వచ్చింది. కాలు లేకపోయినా నువ్వుంటే చాలు, నేను మోస్తాను, నొక్కెయ్యి. ఆ క్షణాన ఆ పాత పలక ఉంటే బాగుండుననిపించింది నాకు. నిజం. వెచ్చబడి, పర్లేదని చెప్పి, ఆవిడ వేలు జార్చేస్తే బాగుండుననిపించింది.

రోహిణి వైపు చూశాను. అదీ నాలాగే ఉంది. ఆవిడ నొక్కితే మధ్యలో వదలనివాళ్లు ఒకరు ఎక్కువవుతారు. ఆవిడ బతుకుతుంది కూడా. దాని పెదాలు కదిలాయి. వెంటనే బిగించుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్ప చెయ్యి తీసేసింది. ఒళ్లో పెట్టుకుంది. పలక ఊరికే ఉంది, మేమూ ఊరికే ఉన్నాం. వార్డులో ఎవరిదో పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది. అప్ప మళ్లీ తడిమి, మనిషిని పిలవండి అన్న బొడిపె నొక్కింది.

డాక్టరమ్మ వచ్చింది.

"ఏం పెద్దమ్మా?"

"కాలు మొత్తం ఎందుకే తల్లీ? పుండు బొటనేలు మీద కదా."

"విషం పైకి పాకే ప్రమాదముంది."

"పాకిందా?"

డాక్టరమ్మ ఒక్క క్షణం తడబడింది. "ఇంకా లేదు. కానీ పాకితే ప్రాణానికే ప్రమాదం."

"ఏలు తీసి చూడకూడదా?"

"చూడొచ్చు. రోజూ వచ్చి కట్టు కట్టించుకోవాలి, సుగరు అదుపులో ఉండాలి. అయినా నిలుస్తుందని నేను మాట ఇవ్వలేను. జ్వరం వచ్చిందంటే ఆ గంటే రావాలి. ఆలస్యమైతే చెయ్యి దాటిపోతుంది. అర్థమైందా?"

"అయింది. బయ్యంగా ఉంది," అంది అప్ప.

నేను తలెత్తి చూశాను. అరవై ఏళ్లు దాటిన మా అప్ప నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

"ఏలు తీసెయ్యి. కాలు ఉండనీ," అని పలక తడిమి, ఇప్పుడు కాదు అన్న బొడిపె దగ్గర ఆగకుండా వేలు ఇంకొంచెం పక్కకి జరిపి, వద్దు నొక్కింది. "నీ సేతులెందుకే అలా వణుకుతున్నాయి రత్నం, నా మంచం ఊగిపోతంది."

రోహిణి ఫోను మోగింది. త్రివిక్రమ్ గారే. అందరి లెక్కా ఆయన దగ్గరికి అప్పటికప్పుడు వెళుతుంది కదా. గొంతు మాకు కూడా వినపడుతోంది.

"రోహిణీ, ఇప్పుడే ఇంకొకరు మధ్యలో వదిలేశారు. అదీ మీ వార్డులోనే. నేను ముందే చెప్పాను."

"లేదు సార్. మధ్యలో వదల్లేదు."

"ఒప్పుకోలేదు కదా?"

"ఒప్పుకోలేదు. అడిగింది, విన్నది, వద్దంది. పని పూర్తయింది సార్. మనం లెక్కే తప్పు వేస్తున్నాం. వద్దన్నవాళ్లందర్నీ పారిపోయినవాళ్లలో కలిపేస్తున్నాం." దాని గొంతు గట్టిగా లేదు, కానీ ఆగలేదు. "ఈ నెలంతా వద్దన్నవాళ్లని, పిలిచినవాళ్లని పక్కకి తీసి మళ్లీ లెక్కెయ్యండి. ఆ తరవాత కూడా పాతదే పంపాలనిపిస్తే, ముందు మా పెద్దమ్మ దగ్గరికి వచ్చి చెప్పి పంపండి."

ఫోను పెట్టేశారేమో, ఉద్యోగం పోయిందేమో అనుకున్నాను. తరవాత ఆయన గొంతు చాలా నెమ్మదిగా వినపడింది.

"ఆవిడ కాలు ఎలా ఉంది?"

"తెలీదు సార్," అంది రోహిణి. "ఇంకా ఎవరికీ తెలీదు."

వేలు తీసి కట్టు కట్టారు. నాలుగోరోజు ఇంటికి పంపారు. ల్యాబులో లెక్క మళ్లీ వేస్తున్నారట, జిల్లాలకి ఏ పలక వెళుతుందో ఇంకా తేలలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే అప్పని కట్టు మార్చడానికి ఆటోలో తీసుకెళ్తాను. మధ్యాహ్నం నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాను, సాయంత్రం మళ్లీ చూస్తాను. "వేడిగా ఉందేమే?" అంటుంది అప్ప. నాకు వేడిగానే అనిపిస్తుంది ప్రతిసారీ. థర్మామీటరు పెడితే ఉండదు.

అయినా రేపు ఉండొచ్చు. అందుకే ఈ సాయంత్రం కూడా చూస్తాను.